బొటనవేలబ్బాయి

పొద్దున లేచి గుమ్మంలోకి వచ్చేసరికి ఆకాశం నల్లగా మూసుకుని ఇదిగో ఇప్పుడే కురుస్తాను అన్నట్టు కిందికి వాలి ఉంది, నేను నమ్మలేదు, గాలి లేదు, చీమలు తమ దారిన తాము పోతున్నాయి, కురిసే మబ్బు ఇంత ఆర్భాటం చేయదు, టీవీ వంటల పోటీలో ఆ దర్జీ అమ్మ ఏడుపు కూడా ఇలాంటిదే, కళ్ళు ఎర్రబడతాయి గానీ ముక్కు తడవదు, నిజంగా ఏడ్చేవాళ్ళకి ముందు ముక్కు కారుతుంది, ముప్పై ఏళ్ళుగా పిండి మర నడుపుతున్నవాణ్ణి, మర ముందు వరసలో నిలబడి ఎంతమంది కళ్ళొత్తుకోలేదు, ఎవరిది ఏ ఏడుపో నాకు తెలియదా, అయినా ఆ మహాతల్లి ఏడ్చిన ప్రతి వారం గట్టెక్కింది, ఏడ్చి ఏడ్చి ఫైనల్‌కి వచ్చేసింది, ఇవాళ పదకొండింటికి ఫైనల్, ముందే తీసి చూపించేది కాదట, అక్కడ జరుగుతుంటే ఇక్కడ మనం చూడటమేనట, గెలిచినవాళ్ళకి మనిషెత్తు ఓవెను, దాంతో ఏకంగా కొట్టు పెట్టుకోవచ్చు, అందుకే ఇవాళ మర కట్టేశాను, మా ఆవిడ వింతగా చూసింది, ఆదివారం గిరాకీ వదులుకుని వంటల పోటీ చూస్తారా అంది, నేనేం మాట్లాడలేదు, ఊళ్ళో నాకు మూగమర అని పేరు, మర మోగుతుంది గానీ మనిషి మోగడని.

అసలు వింత నా సంగతి కాదు, మా అమ్మాయి సంగతి, పట్నంలో బేకరీలో పిండి తూచే పని దానిది, మూడేళ్ళయింది, నెలకోసారి వస్తుంది, పోయిన వారమే వచ్చి వెళ్ళింది, మళ్ళీ నిన్న సాయంత్రం బస్సు దిగింది, ఏమ్మా అంటే ఊరికే నాన్నా అంది, ఊరికే ఎవరూ బస్సెక్కరు, పైగా పొద్దుటి నుంచీ ఫోను పళ్ళెం మీద మూతలా బోర్లా పెడుతోంది, తీస్తోంది, మళ్ళీ బోర్లా పెడుతోంది, టీ గ్లాసు కడిగిందే కడుగుతోంది, ఏదో ఉంది, ఉంటే అదే చెబుతుంది, అడిగి చెప్పించుకోవడం నాకు చేతకాదు, చూడటం చేతనవును.

చూడటం వల్లే కదా మొదటి వారమే ఆ రిటైరైన హెడ్మాస్టరుని పట్టేశాను, మనవరాలు నేర్పింది సార్, ఓవెను ముట్టుకోవడం ఇదే మొదలు అన్నాడు, కానీ తలుపు తీసేటప్పుడు పక్కకి ఒత్తిగిల్లి తీశాడు, మొదటిసారి తీసేవాడు ఎదురుగా నిలబడి ఆవిరి మొహాన కొట్టించుకుంటాడు, పక్కకి జరిగాడంటే ఎన్నోసార్లు కాల్చుకున్న మనిషన్నమాట, మూడో వారానికి పోటీలోంచి పోయాడు, బ్యాంకు గుమస్తా ఒకాయన కెమెరా తన వైపు తిరగగానే గిన్నె కలపడం మొదలుపెట్టేవాడు, తిరిగి వెళ్ళగానే ఆపేసేవాడు, అతనూ పోయాడు, నర్సమ్మ ఉంది, బల్ల మీద చుక్క పడనివ్వదు, చెంచా నోట పెట్టదు, కేకు తీస్తే బల్ల ఎంత చదునో కేకూ అంత చదును, ఆవిడ మీద అనుమానపడటానికి ఏమీ దొరకదు, అందుకే ఆవిడంటే నాకు మరీ అనుమానం, ఇక చివర చెబుతున్నా నా అనుమానాల్లో వీళ్ళందరికంటే ముందువాడు, ఆ బొటనవేలబ్బాయి, ఏదో బేకరీలో పొయ్యి పని అన్నాడు, పొడుగ్గా, కొంచెం వంగి, జుట్టుకి గుడ్డ కట్టుకుని, అందరికీ ముద్దొచ్చేలా నవ్వి, పని మొదలుపెట్టే ముందు డబ్బాలోంచి చిటికెడు పిండి తీస్తాడు, వేళ్ళ మధ్య నలుపుతాడు, బొటనవేలు కింది పెదవికి ఆనిస్తాడు, ఒక్క క్షణం అలా ఎదురుగా చూస్తాడు, తర్వాతే పనిలో దిగుతాడు, ప్రతి వారం, తప్పకుండా, ఎందుకు, ఎవరికి?

ఎవరైనా చూసి మురిసిపోతారు, అబ్బ పిండిని ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో అని, నేను మురిసిపోను, ఎందుకంటే పిండి పెదవికి ఎందుకు ఆనిస్తారో ఈ భూమ్మీద మరవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, రాయి బాగా బిగిస్తే పిండి వేడెక్కిపోతుంది, చూపుకి మెత్తగా తెల్లగా ఉంటుంది, లోపల చచ్చిపోయి ఉంటుంది, రొట్టె పొంగదు, ఆ వేడి చేతికి తెలియదు, చెయ్యి మొద్దుబారి ఉంటుంది, పెదవికి తెలుస్తుంది, అది మర దగ్గర, తొట్టి కింద, అప్పుడే పడే పిండికి, అంతే గానీ ఎప్పుడో ఎక్కడో ఆడించి మూటకట్టి చల్లారిపోయిన డబ్బా పిండిని పెదవికి ఆనించుకుని ఏం తెలుసుకుంటాడు, ఏమీ తెలియదు, పనికిరాని పనిని మనిషి ఎనిమిది వారాలు వదలకుండా చేశాడంటే అది పని కాదు, సైగ, ఎదురుగా కూర్చునేది తీర్పు చెప్పే పెద్దావిడ, ఆవిడ ఐదో వారంలో వాడి రొట్టె తిని కళ్ళు మూసుకుంది, నేను అప్పుడే అనుకున్నాను.

అమ్మాయికీ చెప్పాను, ప్రతి ఆదివారం ప్రోగ్రాం అవగానే ఫోను చేస్తుంది, వాళ్ళమ్మతో ఒక నిమిషం, నాతో రెండు నిమిషాలు, చూశావా నాన్నా, చూశాను, ఆ అబ్బాయి ఎలా ఉన్నాడు నాన్నా, వాడా, వాడిలో ఏదో ఉంది, ఏదో అంటే, ఏదో, అటువైపు చప్పుడుండదు కాసేపు, చెయ్యి మంచిది కదా నాన్నా అంటుంది, చెయ్యి మంచిదైతే సరిపోయిందా, చూపు ఎటుపోతోందో చూడు అంటాను, ఒకసారి, వాడు మీలాంటి చోటే పనిచేస్తాడట కదమ్మా అన్నాను, అవునట నాన్నా అంది, ఇంకో వారం, వాడు రాయి బిగించాడే తల్లీ, నాకు తెలిసిపోయింది అన్నాను, అది మా ఇంట్లో మాట, ఊళ్ళో కూడా ఎవరూ అనరు, పైకి మెత్తగా ఉండి లోపల మోసం ఉన్నదాన్ని మేం ముగ్గురం అలా అంటాం, చిన్నప్పుడు బడి నుంచి వచ్చి, నాన్నా ఆ పిల్ల పరీక్షలో రాయి బిగించింది అని చెప్పేది అమ్మాయి, ఆ మాట అన్న రోజు మాత్రం అది నవ్వలేదు, సరే నాన్నా ఉంటాను అని పెట్టేసింది, దానికి నాలాగే మనుషుల్ని చూడటం మీద ఆసక్తి అనుకుని నేను లోలోపల సంతోషించాను.

ఆ తర్వాతే, మూడు వారాల కిందట, మా ఆవిడ దొడ్లో బట్టలు ఆరేస్తుండగా, టీవీ కింద పరుగెత్తే నంబరుకి ఫోను చేశాను, నేనే, ఎవరికైనా ఫోను చేసి పది మాటలు మాట్లాడి ఎరగనివాణ్ణి, ఎవరో అమ్మాయి ఎత్తింది, చెప్పండి సార్ అంది, చెప్పాను, మొదటి వారం నుంచి చెప్పాను, పావుగంట చెప్పాను, పిండి, పెదవి, పెద్దావిడ, అన్నీ, మీ పేరు సార్ అంటే ఒక ప్రేక్షకుణ్ణి అనుకోమ్మా అన్నాను, పెట్టేశాక ధాన్యంలో రాయి ఏరి పారేసినట్టు హాయిగా ఉంది, ఇవాళ మర కట్టేసింది అందుకే, వాడు పట్టుబడటం కళ్ళారా చూడాలని.

పదకొండయింది, నేను కుర్చీలో, అమ్మాయి కింద చాప మీద నాకు వీపు పెట్టి, మా ఆవిడ తలుపు దగ్గర కూరగాయలు ముందేసుకుని, తెర మీద ముగ్గురు, నర్సమ్మ, దర్జీ అమ్మ, బొటనవేలబ్బాయి, చొక్కా కొత్తది, మడతలు కూడా పోలేదు, బల్ల మీద పిండి, రొట్టె పొంగించే పులుపు, నీళ్ళు, ఎడమ మూల చిన్న గిన్నెలో ఉప్పు, ప్రోగ్రాం నడిపే ఆయన చేతిలో కాగితం పట్టుకుని వచ్చాడు, నా గుండె ఒక్కసారి మర బెల్టులా జారింది, మొదలుపెట్టే ముందు ఒక తమాషా అన్నాడు, ఒక ప్రేక్షకుడు ఫోన్ చేశారండీ, మన తమ్ముడి బొటనవేలు మీద ఆయనకి అనుమానమట, అది సైగ అట, అందరూ నవ్వారు, ఆయన ఏమన్నారో ఉన్నదున్నట్టు చదువుతాను అని కాగితం దగ్గరికి పెట్టుకుని, ఆ అబ్బాయి ఎక్కడో రాయి బిగించాడు, చూసుకోండి, రాయేంటండీ బాబూ, బిగించడమేంటండీ, ఇక్కడ మాకెవ్వరికీ అర్థమై చావలేదు.

ఇక్కడ మా ఇద్దరికీ, కాదు, ముగ్గురికీ అర్థమైంది, మా ఆవిడ చేతిలో కత్తి కాయ మధ్యలో ఆగింది, అమ్మాయి వీపు కదల్లేదు, వెనక్కి తిరగలేదు, తిరిగితే బాగుండేది, తెర మీద వాడు మాత్రం నవ్వడం మానేశాడు, చెవులు ఎర్రబడ్డాయి, అవును సార్ సైగే అన్నాడు, పెద్దావిడ కళ్ళద్దాలు తీసింది, ఆవిడకి కాదు సార్, ఆవిడ నాకు తెలియను కూడా తెలియదు, ఇంకొకళ్ళకి, వాళ్ళు టీవీలో చూస్తారు, నేను పనిచేసేచోట పిండి తూస్తారు, ఏ మూట వచ్చినా ముందు ఇలా పెదవికి ఆనించి చూస్తారు, ఎందుకండీ చల్లటి పిండిని అంటే, మా నాన్న ఇలా చూడందే పిండి గడప దాటనివ్వరు, నాకు అదే అలవాటైపోయింది అన్నారు, నేను కూడా అలాగే, ఇదిగో నిన్ను తలుచుకునే మొదలుపెడుతున్నాను అని చెప్పడానికి, అంతే సార్, అన్నాడు, జనం చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు, ప్రోగ్రాం ఆయన, ఇంకేం, ఆ సైగ ఇవాళ కూడా కానివ్వు బాబూ అన్నాడు, వాడు మాత్రం కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు, ఇవాళ వద్దులెండి, ఆ పెద్దాయన ఎవరో మళ్ళీ బాధపడతారు, అన్నాడు.

మా ఆవిడ నన్ను చూస్తోంది, నా చేతిని చూస్తోంది, నేనూ చూసుకున్నాను, బొటనవేలు పక్కన కాయకాసి మెరుస్తున్న చర్మం, ఎన్ని వేల సార్లు పెదవికి ఆనించుకున్నానో ఈ వేలిని, అలా ఆనించినప్పుడు నేను ఎలా కనిపిస్తానో నాకేం తెలుసు, అప్పుడు నేను చూసేది పిండిని, నన్ను కాదు, తొట్టి పక్కన గోనె మీద కూర్చుని ఒక చిన్నపిల్ల చూసింది, అది దాని పెదవికి వచ్చింది, అక్కడి నుంచి వాడి పెదవికి వెళ్ళింది, అక్కడి నుంచి తెర మీదికి, తెర మీంచి నా కళ్ళలోకి, నేను పోలీసులా పట్టుకున్నాను, భలే పట్టుకున్నాను.

వాడు పిండి కలుపుతున్నాడు, నలపకుండా, ఆనించకుండా, పనివాడి చెయ్యే, కానీ మొదలు తప్పిన చెయ్యి, ఒక అడుగు తప్పితే మిగతా అడుగులు ఎక్కడ పడాలో వెతుక్కుంటున్నట్టు, నీళ్ళు పోశాడు, పులుపు వేశాడు, ఒత్తుతున్నాడు, ఎడమ మూల గిన్నె అలాగే ఉంది, నిండుగా, గుట్ట చెక్కుచెదరకుండా, ఒత్తుతున్నాడు, మడుస్తున్నాడు, గిన్నె అలాగే ఉంది, నేను కుర్చీలోంచి సగం లేచాను, ఉప్పు అన్నాను, పైకే అన్నాను, సరిగ్గా అదే క్షణంలో అమ్మాయి కూడా ఉప్పు అంది, రెండు గొంతులు ఒకేసారి, అది వెనక్కి తిరిగి నన్ను చూసింది, ఆ చూపులో కోపం ఉంటే ఓర్చుకునేవాణ్ణి, మళ్ళీ తెర వైపు తిరిగింది, వాడు ముద్ద మీద తడిగుడ్డ కప్పేశాడు.

రెండు దాటాక బయటికి తీస్తే రొట్టె అందంగానే వచ్చింది, పైన పెచ్చు బంగారం రంగు, పెద్దావిడ విరిచింది, నమిలింది, ఆగింది, నాయనా ఉప్పేదీ అంది నెమ్మదిగా, దర్జీ అమ్మ వాడి బదులు ఏడ్చింది, ఈసారి ముక్కు కారింది, ఓవెను నర్సమ్మకి వెళ్ళింది, ఆవిడ ముందు వచ్చి వాడి భుజం తట్టి ఆ తర్వాత వెళ్ళి బహుమతి తీసుకుంది, అమ్మాయి లేచి టీవీ కట్టేసింది, వంటింట్లోకి వెళ్ళింది, వెనకే మా ఆవిడ, మధ్యలో ఒక్క గోడే, అంతా వినిపిస్తుంది, అతనేనా అంది మా ఆవిడ, అతనే, అంది అమ్మాయి, గెలిస్తే సాయంత్రం బండెక్కి సరాసరి ఇక్కడికే వస్తానన్నాడమ్మా, ఉత్త చేతులతో వస్తే మీ నాన్నగారు నా మొహం చూడరు, నువ్వు చెప్పినదాన్నిబట్టి ఆయనకి నేను నచ్చలేదు అన్నాడు అంది, ఉప్పేగా మర్చిపోయింది, నేను కాపురానికొచ్చిన కొత్తలో నెల్లాళ్ళు మర్చిపోయాను, మీ నాన్న ఒక్కమాట అంటేనా అంది మా ఆవిడ, నాన్న ఎప్పుడు ఏమన్నాడు గనక అంది అమ్మాయి, తర్వాత పళ్ళేల చప్పుడు, కాసేపటికి, రండి తిందురుగాని, అని మా ఆవిడ గొంతు.

ముగ్గురం కూర్చున్నాం, రొట్టె, కూర, నీళ్ళ చెంబు, అమ్మాయే వడ్డించింది, నాకు ఎప్పుడూ ఇష్టమైన అంచు ముక్క ఇవాళ కూడా నాకే వేసింది, దాని ఫోను బోర్లా పడుకుని ఒకసారి సన్నగా వణికి ఊరుకుంది, అది తీయలేదు, నేను చూడనట్టు తిన్నాను, మా ఆవిడ చూడనట్టు తింది, నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు, ఈ ఇంట్లో మాట లేకపోవడం కొత్త కాదు, ఇన్నేళ్ళూ నేను దాన్ని నెమ్మదితనం అనుకున్నాను, ముక్కూమొహం తెలియని మనిషితో పావుగంట మాట్లాడగలిగినవాణ్ణి, కన్నబిడ్డని ఎవరమ్మా నీతో పనిచేసేవాళ్ళు అని మూడేళ్ళలో ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది, అమ్మాయే అడిగింది నన్ను, వారం వారం, ఆ అబ్బాయి ఎలా ఉన్నాడు నాన్నా, చెయ్యి మంచిది కదా నాన్నా, ఊపిరి బిగబట్టుకుని అటువైపు చప్పుడు లేకుండా, మూగవాణ్ణి ఇంకెలా అడుగుతారు, అది అడిగింది పోటీ గురించి కాదు, ఎనిమిది ఆదివారాలు నా కూతురు నన్ను సంబంధం అడిగింది, ఎనిమిది ఆదివారాలూ నేను కాదన్నాను.