బందూకు మీద రెండు నిమ్మచెక్కలు

నాకు కోపం ఎక్కువని మామిడిపల్లిలో మా చర్చి వాళ్లకే కాదు, చర్చి గోడ మీద వాలే పావురాలకు కూడా తెలుసు. నా పేరు యెహోషువ. శంషాబాద్ మెయిన్ రోడ్డు మీది ఒక బ్యాంకులో పన్నెండేళ్లుగా గన్‌మెన్‌ని. పోయినేడు దసరాకు ఒకామెను నలుగురిలో నిలబెట్టి నోటికొచ్చిన మాటలన్నాను. ఆమె నాకు చేసిన మేలు చెప్పుకోకపోతే తిన్న అన్నం అరిగేలా లేదు.

ముందు తుపాకి సంగతి. అది బ్యాంకుది, చాకిరీ నాది. రెండు గొట్టాల పాత తుపాకి. గొట్టాల మీద నీలం పూత ఉండేది. దూరం నుంచి చూసేవాళ్లు నలుపనుకుంటారు. పొద్దున ఎండలో గేటు దగ్గర నిలబడితే సిరా రంగులో నిగనిగలాడేది. డబ్బు తీసుకోవడానికి వచ్చిన రైతులు ముందు తుపాకిని చూసి, ఆ తర్వాతే నన్ను చూసేవాళ్లు. అది నాకు లోపల్లోపల గర్వంగానే ఉండేది.

ఆ నీలాన్ని కాపాడటం వానకాలం చంటిపిల్లను సాకడమే. సాయంత్రం తూటాలు తీసి అప్పజెప్పగానే పాత బనియను గుడ్డతో గొట్టాలు తుడిచేవాడిని, నేను చెయ్యి వేసిన చోట ముందు. చెమటలో ఉప్పుంటుంది. వేలిముద్ర పడిన చోట తుడవకుండా వదిలితే రెండు మూడు రోజుల్లో ఎర్రగా తేలుతుంది. తుడిచాక తుపాకి నూనె రెండు చుక్కలు, అంతే. ఎక్కువ పూస్తే దుమ్ము పడుతుంది. సంచిలో పెట్టనిచ్చేవాడిని కాదు, గుడ్డ తేమ పీల్చి ఇనుముకు పట్టిస్తుంది. ఓసారి ఏదో పని మీద మా ఆవిడ ప్రేమావతి బ్యాంకుకు వచ్చి నేను తుడుస్తుంటే చూసింది. "పెండ్లయి ఇరవై ఆరేండ్లాయె. నా చెయ్యి ఎన్నడన్న గట్ల వట్టుకున్నవా?" అంది. నేను నవ్వి రెండో గొట్టం అందుకున్నాను.

ఏటా మా సెక్యూరిటీ ఆఫీసర్ వచ్చి తుపాకి చూసి, "మస్తుగ ఉంచినవయ్యా" అని సంతకం పెట్టి పోయేవాడు. ఆ సంతకం మీదే నా కాంట్రాక్టు ఇంకో ఏడాది సాగేది. దసరా అయ్యాక గన్‌మెన్లందరం ఫైరింగ్‌కు పోయి తలా ఐదు రౌండ్లు కాల్చి రావాలి. పోయినేడు కొత్త ఆఫీసర్ వచ్చాడు. వేరే శాఖలో ఒకతని తుపాకికి తుప్పు కనబడిందని నిలబడ్డ చోటనే ఇంటికి పంపించాడు. నాకప్పటికే యాభై రెండు, కుడి మోకాలు సరిగా వంగదు. ఈ వయసులో ఇంకెవరు పెట్టుకుంటారు నన్ను?

ఇక సత్తెమ్మ. బ్యాంకు ఊడ్చి, తుడిచి, అందరికీ చాయ్ ఇచ్చే మనిషి. రోజూ తుక్కుగూడ నుంచి వస్తుంది. నాకంటే ఆరేళ్లు పెద్ద, అక్కా అంటాను. ఆమెదీ టెంపరరీ నౌకరే. దసరా ముందురోజు సాయంత్రం బ్యాంకులో ఆయుధపూజ ఆమె చేతి మీదుగానే జరిగేది. గేటుకు, నోట్లు లెక్కపెట్టే మిషనుకు, కంప్యూటర్లకు, ఆఖరికి నీళ్ల ఫిల్టరుకు కూడా పసుపు కుంకుమ పెట్టేది. ప్రతి ఏడూ నన్ను అడిగేది, "తమ్మీ, నీ బందూకుకు?" అని. "వద్దక్కా. మాకు లేదు, దానికి పడదు" అనేవాడిని. నవ్వేసి, నా వాటా కొబ్బరిముక్క చేతిలో పెట్టి పోయేది.

పోయినేడు ఆ సాయంత్రం మా చర్చిలో ఉపవాస ప్రార్థన ఉందని నేను తొందరగా బయల్దేరాను. తుపాకిని బీరువాలో నిలబెట్టి, తాళంచెవి క్యాషియర్ వీరేందర్‌కు ఇచ్చాను. దసరా, దాని వెనకే శనాదివారాలు. మొత్తం మూడు రోజులు సెలవు.

సోమవారం పొద్దున బీరువా తెరిచాను. రెండు గొట్టాల మూతుల మీద రెండు నిమ్మచెక్కలు ఎండి కూర్చున్నాయి, కుంకుమ అద్ది, దీపపు ప్రమిదల్లా. వాటి రసం గొట్టాల వెంట కిందికి జారి, చెయ్యి వేసే చెక్క దాకా పోయింది. జారిన దారంతా నీలం లేదు. తెల్లటి ఇనుము బయటపడి, అంచులు ఎర్రబారాయి. పదకొండేళ్ల చాకిరీ మూడు రోజుల్లో పోయింది.

సత్తెమ్మ అప్పుడే చీపురుతో లోపలికి వచ్చింది. బ్యాంకు తెరిచారు, పది మంది లైన్లో ఉన్నారు. నాకవేమీ కనబడలేదు.

"ఏంది ఇది? నీ మొక్కులు నా బతుకు మీద వెడతవా? సిగ్గుందా నీకు? నీ చేతులిరగ!"

ఆమె చీపురు పట్టుకుని అట్లానే నిలబడింది. "అన్నిటికి వెట్టిన తమ్మీ. అదొక్కటే ఎవ్వరు లేనిదాని లెక్క నిలవడ్డది. మనసొప్పలే. వీరేందర్ సార్‌ను బతిమిలాడి బీరువ తీపిచ్చిన. ఆయన తప్పేం లేదు" అంది. పైన విమానం దిగుతూ పోయింది, కిటికీ అద్దాలు దడదడలాడాయి. అది పోయేలోపు ఆమె చీపురు గోడకానించి లోపలికి వెళ్లిపోయింది.

మేనేజర్ పూర్ణిమ మేడంకు చెప్పుకుందామని పోయాను. మేడం కృష్ణా జిల్లా ఆవిడ, ఎప్పుడూ గొంతు పెంచరు. "కూర్చోండి యెహోషువ గారూ. సత్తెమ్మ ఇప్పుడే వచ్చి వెళ్ళింది. మీ తప్పేమీ లేదట. రాసేదేదో తన పేరు మీద రాయమంది. ఉద్యోగం తీసేస్తే తనదే తీసేయమంది" అన్నారు.

నాకు తల తీసేసినట్టయింది. అయినా కోపం పూర్తిగా దిగలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"ఆఫీసర్ గారితో మాట్లాడాను. వచ్చే సోమవారం మీ ఫైరింగ్ ఉందిగా. ఆ లోపు రిపేరు లైసెన్సు ఉన్న ఆర్మరర్‌కి చూపించి రిపోర్టు తెమ్మన్నారు. మీ కాంట్రాక్టు సంగతి ఆ రిపోర్టును బట్టి చూస్తారట. సత్తెమ్మను కూడా తీసుకెళ్ళండి. దాని మీద ఏమేం పడ్డాయో ఆయనకు తెలియాలి కదా" అన్నారు మేడం.

మరునాడు బ్యాంకు బండిలో కాటేదాన్ పోయాం. ఆరాంఘర్ చౌరస్తా ట్రాఫిక్‌లో ముప్పావు గంట ఇరుక్కున్నాం. ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ చేతుల వంక చూడటానికి నాకు మొహం చెల్లలేదు. ఇరగాలని నేను శపించినవి అవే.

ఆర్మరర్ పేరు సోమయ్య. మిలిటరీలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. చిన్న షెడ్డు, ఒక బల్ల, ఒక పెద్ద భూతద్దం. తుపాకి చూడగానే పెదవి విరిచాడు.

"ఏమేం పూసినవమ్మా?"

"పసుపు, కుంకుమ, నిమ్మచెక్క సార్. జర కొబ్బరినీళ్లు చల్లిన."

"పులుపు, ఉప్పు రెండు అయినయన్నట్టు" అన్నాడాయన.

ఎదురుగా ఉన్న వర్క్‌షాపులో నట్లు, బోల్టులు మరిగే మందులో ముంచి నల్లగా తీస్తున్నారు. నాకు ఆశ పుట్టింది. "సార్, గండ్ల ముంచి తీస్తే ఒక్క దినంల అయిపోదా?"

"ఆ మందు టంకాన్ని తింటది. నీ రెండు గొట్టాలు కలిసున్నదే టంకంతోని. ముంచినవంటే ఏ గొట్టం కా గొట్టం అయితది." ఆయన గొట్టం మీద వేలి గోటితో గీశాడు. "ఈ నీలం ఏసిన రంగు గాదు. ఇది గూడ తుప్పే. తుప్పు వట్టనిచ్చి, నీళ్లల్ల మరగవెట్టి, రుద్ది, మల్ల వట్టనిచ్చి, మల్ల మరగవెట్టి జేస్తరు. చెప్పినట్టు ఇనే తుప్పు అనుకో. చెప్పినట్టు ఇనని తుప్పు రాకుంట కాపలా ఉంటది. వారం పది దినాలు వడతది. అయితే ముందు ఆ పులుపు ఎంత లోపలికి వోయిందో సూడాలె."

తుపాకి విప్పి, గొట్టాల జోడీని ఒక దారానికి కట్టి పైనున్న కొక్కేనికి వేలాడదీశాడు. చెక్క సుత్తితో మెల్లగా కొట్టాడు. మా చర్చి గంటలాగా ఖంగుమని మోగుతుందని నేను చెవులు రిక్కించాను. మోగలేదు. జిరజిరమని ఏదో చప్పుడు వచ్చి ఆగిపోయింది.

"పగిలిన కుండ" అంది సత్తెమ్మ.

సోమయ్య వెనక్కి తిరిగి చూశాడు. "నీకెట్ల తెల్సు?"

"కొట్టి సూడకుంట కుండ కొంటమా సార్?"

ఆయన ఇంకోసారి కొట్టి విన్నాడు. గొట్టాల కిందివైపు, రెంటినీ కలిపే సన్నటి పట్టీ వెంట భూతద్దం జరుపుతూ పోయి, చెయ్యి వేసే చెక్క కింద దాగి ఉండే చోట ఆగిపోయాడు. వెంట్రుక మందాన ఒక పగులు. మేడంకు ఫోన్ చేసి అనుమతి తీసుకుని, వేడి పెట్టి ఆ పట్టీని కొంచెం లేపాడు. ఆ సందులోంచి బల్ల మీదికి ఎర్రటి పొడి రాలింది, తంబాకు పొడిలాగా. రాలుతూనే ఉంది. ఆ కింద ఇనుము చెద తిన్న తలుపులా గుంతలు పడి ఉంది.

చాలాసేపు కొలిచాడు. తర్వాత కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"ఫైరింగ్ ఎప్పుడన్నవ్?"

"సోమారం సార్. ఐదు రౌండ్లు."

"కాల్చేటప్పుడు ఏ చెయ్యి ఉంటది ఈడ?"

నేను ఎడమచెయ్యి ఎత్తి చూపించాను. ఆయన దాని వంక చూశాడు. "కాలిస్తే గొట్టం గీడనే పగులుతుండె" అన్నాడు. నేను చెయ్యి దింపి అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను.

"పగుల్లకెల్లి ఏండ్ల సంది వాననీళ్లు వోతున్నయ్. గుడ్డతోని తుడిస్తే పొయ్యే తావు గాదు, నీ తప్పు గాదు" అన్నాడు సోమయ్య. "అయితే ఒక్క మాట. నువ్వు పైన గింత నిగనిగలాడేటట్టు ఉంచితివి గద, ఇగ ఏ ఆఫీసరైనా లోపల ఎందుకు సూస్తడు? పైన పటారం, లోన లొటారం అన్నట్టయింది. ఈ నిమ్మచెక్కలు వడకపోతే నువ్వు గూడ నా తాన్కి రాకపోతుంటివి. సక్కగ పోయి కాలుస్తుంటివి."

పదకొండేళ్లు నేను ఆ నీలాన్ని చూసుకుని మురిసిపోయాను. ఆఫీసర్లు దాన్ని చూసి సంతకాలు పెట్టారు. దాని కింద ఇనుము తరిగిపోతోందని ఒక్కరికీ తెలియలేదు. ఆ నీలాన్ని చెరిపిన మనిషిని చేతులిరగ అని తిట్టాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

సత్తెమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ సోమయ్యను అడుగుతోంది. "సార్, గిదంత నా నిమ్మకాయతోనే అయిందా? మా తమ్మీ నౌకరి వోతదా?"

అప్పటికీ ఆమెకు నా నౌకరీ బెంగే. నేను లేచి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. చీపురు పట్టి పట్టి కాయలు కాసిన చేతులు. "అక్కా, మాఫ్ జెయ్యి. నా నోరు పాడువడ. నీ చేతులు సల్లగుండాలె" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. కాటేదాన్ షెడ్డులో, చుట్టూ మిషన్ల మోతలో, యాభై రెండేళ్ల గన్‌మెన్‌ని వెక్కి వెక్కి ఏడ్చాను. సోమయ్య మాకు చాయ్ తెప్పించాడు.

రిపోర్టు చదివి కొత్త ఆఫీసర్ స్వయంగా శాఖకు వచ్చాడు. నా కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. సత్తెమ్మ పేరు మీద రాయడానికి ఏమీ మిగలలేదు. పాత తుపాకిని పక్కన పెట్టేశారు. ఆ నెలలో అన్ని శాఖల తుపాకులనూ సోమయ్య దగ్గర దారానికి వేలాడదీసి కొట్టి చూశారట, వాటిలో ఇంకొకటి కూడా పగిలిన కుండలాగే పలికిందట. ఆ గన్‌మెన్ ఎవరో నాకు తెలియదు. అతని చెయ్యి కూడా సత్తెమ్మ లెక్కలోకే వస్తుంది.

మాకు వేరే తుపాకి వచ్చింది. దాని నీలాన్ని కూడా అట్లాగే చూసుకుంటున్నాను. అదే బనియను గుడ్డ, అవే రెండు చుక్కల నూనె. కాకపోతే నెలకోసారి గొట్టాలు విప్పి, దారానికి కట్టి, కొట్టి వింటాను. అప్పుడు సత్తెమ్మ కూడా పని ఆపి వచ్చి నిలబడుతుంది. ఖంగుమంటే తల ఊపి మళ్లీ చీపురు అందుకుంటుంది.

మొన్న మళ్లీ దసరా వచ్చింది. పూజ సాయంత్రం ఈసారి నేను కదల్లేదు. సత్తెమ్మ గేటుకు పెట్టింది, మిషనుకు పెట్టింది, ఫిల్టరుకు పెట్టింది. నా దగ్గరికి వచ్చేసరికి పళ్లెం ఎడంగా పట్టుకుని, తుపాకికి నాలుగడుగుల దూరం నుంచే దాటిపోబోయింది.

"నీ బందూకు జోలికి రాను తమ్మీ. దండం వెడత."

"బందూకుకు వద్దక్కా" అని ఎడమచెయ్యి చాపాను. "దీనికి వెట్టు."

ఆమె నా మొహం చూసింది. "మీకు లేదు గద?"

"లేదు. అయినా వెట్టు."

పళ్లెం నా దగ్గరికి తెచ్చింది. తర్వాత చేతి వెనక వైపు పసుపు రాసి, దాని మీద కుంకుమ అద్దింది. "నిమ్మచెక్క వెట్టవా?" అన్నాను. "పోరా!" అని పళ్లెంతో కొట్టబోయి, కళ్లనీళ్లతోనే నవ్వింది.

ఇంటికి పోయేసరికి ప్రేమావతి వాకిట్లోనే చూసింది. పాస్టర్ గారు ఏమంటారో అనలేదు, కడుక్కోమనీ అనలేదు. అన్నాలు తినే ముందు ప్రార్థనకు కూర్చున్నప్పుడు నా ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎప్పుడూ మా పిల్లల పేర్లతో మొదలుపెట్టే మనిషి, ఆ రోజు సత్తెమ్మ పేరుతో మొదలుపెట్టింది. ప్రార్థన అయిపోయాక కూడా చెయ్యి వదల్లేదు. నేనూ తీసుకోలేదు.