అప్పాయమ్మ కుర్చీకి వేసిన రంగు

హనోకు నా భార్య కుర్చీకి రంగు వేశాడు. నన్ను అడగలేదు. మంచి ఉద్దేశంతోనే వేశాడని మా చర్చి సంఘంలో అందరూ అంటారు. ఉద్దేశం ఏదైనా కానీ, చేసిన పని అదే.

హనోకు నా బావమరిది, అప్పాయమ్మ తమ్ముడు. అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో నాకు పాత సామాన్ల కొట్టు ఉంది. బల్లలు, మంచాలు, కుర్చీలు కొంటాను. వదులైనవి బిగించి, పగుళ్ళకి లప్పం పెట్టి, రంగు వేసి అమ్ముతాను. తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు, కొత్తగా కాపురం పెట్టేవాళ్ళు కొంటారు. హనోకు నా దగ్గరే పనిచేసేవాడు.

పాత సామానుకి రంగు వేయాలంటే ముందు కడగాలి. చెయ్యి ఆనే చోట, తల ఆనే చోట చెక్క జిడ్డు పీల్చుకుని ఉంటుంది. బట్టల సోడా కలిపిన వేడినీళ్ళతో రుద్ది, ఎండబెట్టి, అసలు చెక్క కనబడేదాకా గరుకు కాగితం పట్టాలి. జిడ్డు మీద రంగు ఆరదు, పట్టదు. కొన్నాళ్ళకి పొరలుగా లేచిపోతుంది. ఇది హనోకుకి ఎన్నోసార్లు చెప్పాను. వాడు తడిగుడ్డతో ఒక తుడుపు తుడిచి, రంగు డబ్బా మూత తీసేవాడు.

ఒకసారి బెల్లం వ్యాపారి త్రినాధరావు మా కొట్టు ముందు నిలబడి అరిచాడు.

“ఏటయ్యా, మంచం అమ్మేవా, ఇంకు ముద్దర అమ్మేవా? మా అల్లుడు పండుకుని లేచేసరికి వీపంతా నీలం! దసరా ఏషం కట్టేడేటని వీధిలో నవ్వుతన్నారు.”

“వానాకాలం గదండీ, ఇంకా ఆరలేదు,” అన్నాడు హనోకు.

“వాన నీ బుర్రలో పడతన్నాది.”

ఆ మంచం నేనే మొదట్నుంచీ గీకి, కడిగి, మళ్ళీ రంగు వేసి ఇచ్చాను. హనోకు పని అలాంటిది.

అప్పాయమ్మ కుర్చీ కూడా పాతదే. గవరపాలెంలో ఒక షావుకారు ఇంట్లో సోఫాలు వచ్చాక బయట పడేశారు. టేకు కర్ర, రెండు చేతులు, ఎత్తయిన వీపు పలక. కొట్లో దించగానే అప్పాయమ్మ దాన్ని ఇంటికి మోయించుకుపోయింది. రంగు వేస్తానంటే వేయనివ్వలేదు.

“నీ కొట్లోకి వచ్చినయన్నిటికీ ఏషం కట్టి పంపుతావు. దీన్నొక్కదాన్నీ ఒగ్గేయ్ మావా.”

“రంగేస్తే మంచి బేరం వత్తాది.”

“అయితే నాకూ ఓ పూత ఎయ్యి. నన్నూ అమ్మీయొచ్చు.”

ప్రతి శనివారం సాయంత్రం, ఆదివారం ఆరాధనకి ముందు, ఆమె తలకి నూనె పెట్టుకుని ఆ కుర్చీలో వెనక్కి వాలేది. ఏళ్ళ తరబడి అలా వాలడంతో వీపు పలక మీద అరచేయంత నల్లటి మరక పడింది. తువ్వాలు పరుచుకోమని చెప్పేవాణ్ణి. “సూడలేకపోతే కళ్ళు మూసుకో,” అనేది.

రెండు వేల ఆరు వానల్లో, కామెర్లు ముదిరి, అప్పాయమ్మ పోయింది. ఆమె ఫోటో ఒకటే ఉంది. అందులో మనిషి ఆమెలా లేదు. ఆ మరక ఆమెదే. కూర్చుంటే తల ఎక్కడికి వచ్చేదో, ఎటు వాల్చేదో అందులో ఉంది.

మాలో మనిషి పోయాక ఇంట్లో ఆదరణ కూడిక పెడతారు. పాస్టరు గారు వచ్చి వాక్యం చెబుతారు, తరవాత భోజనాలు. ఒంటరిగా రాలేని మా అక్కని తీసుకురావడానికి నేను ఎలమంచిలి వెళ్ళాను. ఒక రాత్రి అక్కడే ఉండి మర్నాడు సాయంత్రం వచ్చేసరికి కుర్చీ వరండాలో ఉంది. ఆకాశం రంగు. పక్కన హనోకు బ్రష్షు కడుగుతున్నాడు.

“పాస్టరు గారు కూకుంటారు గదా బావా. తెల్ల లాల్చీ ఏసుకొత్తారు. ఆ జిడ్డు ఆయన వీపుకంటితే బాగోదు,” అన్నాడు.

అక్కని లోపలికి తీసుకెళ్ళాను. అక్కడే ఉంటే చెయ్యి లేచేది.

కూడికలో పాస్టరు గారు ఆ కుర్చీలోనే కూర్చున్నారు. నేను వాక్యం వినలేదు. ఆయన లేచినప్పుడు లాల్చీ వీపు చూశాను. అంటుకుంటే బాగుండునని చూశాను. రంగు అంటిందంటే కింద జిడ్డు ఉన్నట్టే. ఏమీ అంటలేదు.

అయినా ఆశ వదల్లేదు. హనోకు ఎప్పుడు కడిగాడు గనక? కడక్కుండా వేస్తే మరక అలాగే ఉంటుంది, పైపూత తీసేస్తే చాలు. కడిగావా అని వాణ్ణి అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది.

మనుషులందరూ వెళ్ళాక పని మొదలుపెట్టాను. సోడా వాడితే రంగుతోపాటు మరకా పోతుంది. కాల్చి తీస్తే నూనె మాడుతుంది. అందుకని పగిలిన గాజు పెంకు అంచుతో, కొద్దికొద్దిగా గీకాను. కాళ్ళు, కూర్చునే పలక అయ్యాక చేతుల దగ్గరికి వచ్చాను. అక్కడ రంగు వెల్లుల్లి పొట్టులా ఊడింది. కింద ఆమె అరచేతుల నునుపు, నలుపు అలాగే ఉన్నాయి. వాడు కడగలేదు. వీపు పలక ఆఖరికి ఉంచాను.

ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక హనోకు, వాడి భార్య అక్సా క్యారేజీ పట్టుకుని వచ్చారు.

“ఏటి బావా, ఇలా గీకేత్తన్నావు! రంగు నచ్చకపోతే వేరేది ఏద్దుం గదా.”

“చేతుల మీద కడగలేదు నువ్వు,” అన్నాను.

వాడు తల దించుకున్నాడు. “లేదు బావా.”

“మంచిది.”

వాడు అక్సా వైపు చూశాడు. నా నోట ఆ మాట వాడు ఎన్నడూ వినలేదు. వెంటనే మొహం విప్పారింది.

“వీపు పలక మాత్రం కడిగేను బావా. నువ్వు సెప్పినట్టే సేసేను. సోడా నీళ్ళు కాసి, అసలు సెక్క అగపడేదాకా కాయితంతో రుద్దేను. అక్క తలానించే సోటు గదా. నీట్‌గా ఉండాలని.”

“నిజం అన్నయ్యా,” అంది అక్సా. “సేతులు బొబ్బలెక్కిపోయేయి. ఆ రోజు అన్నం ముద్ద ఎత్తలేకపోయేడు.”

గాజు పెంకు వీపు పలక మీద పెట్టి గీశాను. రంగు రాలేదు. అంత గట్టిగా పట్టింది. బలం పెట్టి గీశాను. నీలం కింద లేత పసుపు చెక్క, అప్పుడే కోసిన దుంగలా. పక్కకి గీశాను. పైకి గీశాను. అంతా ఒకటే రంగు. వాడి జన్మలో ఒక్క పని పద్ధతిగా చేశాడు, అది ఇదే.

“ఏటి బావా, ఏటి ఎతుకుతన్నావు?”

అక్సాకి ముందు తెలిసింది. క్యారేజీ కింద పెట్టి గుమ్మంలో కూలబడింది. “అయ్యో, ఒదినమ్మ తల...” అంది.

హనోకు పలక మీద చెయ్యి పెట్టి నిమిరాడు. “నాకేటి తెల్సు బావా? నువ్వెప్పుడూ సెప్పలేదు గదా.”

“రేపట్నించి కొట్టుకి రాకు.”

“బావా...”

“క్యారేజీ పట్టుకుపో.”

మిగతా రంగు కూడా గీకేశాను. తరవాత కుర్చీ చేతులు కూడా సోడాతో కడిగాను. ఇంక వాటి మీది నలుపు ఒక్కటీ ఉంచి ప్రయోజనం లేదు. ప్రైమర్ వేసి, రెండు పూతలు కాఫీపొడి రంగు వేసి కొట్టు ముందు పెట్టాను. ఒక టీచరమ్మ చూసి, కొత్తదానిలా ఉందని పట్టుకెళ్ళింది. ఎక్కడుంటుందో నేను అడగలేదు.

హనోకు ఇప్పుడు ఇళ్ళకి సున్నాలు వేస్తున్నాడు. గుడిలో కనబడితే “వందనాలు బావా” అంటాడు. నేను పలకను. పాస్టరు గారు ఇంటికి వచ్చి, అతను చేసిన తప్పేమిటో చెప్పండి, ముగ్గురం ప్రార్థన చేసుకుందాం అన్నారు. కాఫీ ఇచ్చి పంపాను. మా అక్క కూడా కబురు పెట్టింది, పోయినదాని తమ్ముడు కదా అని. తమ్ముడే, కాదనలేదు.

అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి ఒక్కసారి రాశాను. ఈ సంగతి నేను మళ్ళీ ఎత్తను. నా ముందు ఇంకెవరినీ ఎత్తనివ్వను.