ఉమారాణి నమ్మిన గులాబీ రాయి

లింబాద్రికి బోధన్‌లో మోటార్లు బాగుచేసే షాపు ఉంది. ఆదివారమైతే క్వారీల వెంట తిరిగేవాడు. నల్లరాయి పగిలినచోట లోపలి బోలులో మెరిసే తెల్లటి స్ఫటికాలంటే అతనికి ప్రాణం. ఇంటికి తెచ్చి, పాత టూత్‌బ్రష్‌తో కడిగి, టీవీ పక్కన అద్దాల అల్మారాలో పెట్టేవాడు. భార్య ఉమారాణి బీడీలు చుడుతూనే వాటికి పేర్లు పెట్టేది. ఒకటి పటికబెల్లం, ఒకటి మల్లెమొగ్గ.

ఆమెకు రొమ్ములో గడ్డ తగిలింది. నిజామాబాద్‌లో ఎవరో రాళ్లతో నయం చేస్తారని విని, మొగుడికి చెప్పకుండా వెళ్లొచ్చింది. వాళ్లు గులాబీ రంగు రాయి ఒకటి ఇచ్చి, రోజూ పొద్దున గుండెల మీద పెట్టుకుంటే గడ్డ కరుగుతుందన్నారు.

"ఇది ఉత్త రాయి, ఉమా. సూడనీకి మంచిగుంటది, గంతే. దవాఖానకు పోదాం పా," అన్నాడు సంగతి తెలిసిన లింబాద్రి.

"నీ అల్మారా నిండ రాళ్లే. నేనొక్క రాయిని నమ్మితే తప్పయితదా?"

"నేను సూసి సంబరపడుత. గవి నన్ను బతికిస్తయని ఎన్నడన్న అన్ననా?"

ఉమారాణి ఏడ్చేసింది. "గక్కడ కోస్తరు. మా పెద్దవ్వను గట్లనే కోసిండ్రు. మళ్ల ఇంటికి రాలే."

అతను బతిమాలాడు, కోప్పడ్డాడు, అత్తగారితో చెప్పించాడు. ఆమె కదల్లేదు. చెయ్యి వాచి బీడీ చుట్టలేకపోయిన రోజు తనే చెప్పులేసుకుని దవాఖానకు బయల్దేరింది. జబ్బు అప్పటికే ఊపిరితిత్తులకు పాకిందని డాక్టర్లు చెప్పారు.

చివరి వారాల్లో ఒకరోజు మంచం మీంచి అల్మారా వైపు చూసి, "గా మల్లెమొగ్గ ఇటియ్యి," అంది.

అతను తెచ్చి చేతిలో పెట్టాడు.

"బాగయితనని కాదు. సల్లగున్నది," అని, చాలాసేపు దాన్ని వేళ్లతో తడుముతూ ఉండిపోయింది.

వానలు పడకముందే పోయింది.

నెల మాసికం నాడు ఆమె చెల్లెలు జ్యోతిరాణి అతన్ని వంటింట్లోకి పిలిచింది. ముఖం పాలిపోయి ఉంది.

"బావా, అక్క గులాబీ రాయి యాడుంది? నాకియ్యవా?"

"యాదికి ఉంచుకుంటవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "నాకు గూడ గడ్డ తగుల్తున్నది."

లింబాద్రి వంటింటి గుమ్మందాకా వెళ్లి చూశాడు. బయట చుట్టాలు ఇంకా భోంచేస్తున్నారు.

"రాయి వద్దు. నీ పెనిమిటిని పిలువు. ఇప్పుడే నిజామాబాద్ పోదాం."

"భయమైతున్నది బావా."

"నాకు గూడ."

రిపోర్టు వచ్చిన రోజు కూడా అతనే వెంట ఉన్నాడు. అది మామూలు కొవ్వు గడ్డేనన్నారు. జ్యోతిరాణి భర్త చెయ్యి పట్టుకుని నవ్వింది, ఏడ్చింది. "మంచిగైంది, మంచిగైంది," అంటూ లింబాద్రి వాళ్లిద్దరినీ వాళ్ల ఊరు నవీపేట్ వెళ్లే ఆటో ఎక్కించాడు.

తర్వాత బస్టాండులో బోధన్ బస్సు వచ్చి ఆగినా లేవలేకపోయాడు. రుమాలు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పక్కన కూర్చున్న ముసలామె జరిగి అతని వీపు మీద చెయ్యి వేసింది.

"ఎవలకేమైంది బిడ్డా?"

"ఏం కాలేదవ్వా," అన్నాడు. "ఏం కాలేదట."