తిప్పి కుట్టిన గళ్ల కోటు

చలికోటు తొడుక్కునేటప్పుడు ఆర్విడ్ చెయ్యి ఈ వయసులోనూ ముందు తప్పు వైపుకే పోతుంది. గుండీ అక్కడ ఉండదు. తనలో తనే నవ్వుకుని చెయ్యి మార్చుకుంటాడు. ఆ అలవాటు అమెరికాలో, సరస్సు ఒడ్డునున్న ఆష్‌లాండ్‌లో, పందొమ్మిది వందల పదమూడు చలికాలంలో పట్టుకుంది. అప్పుడతనికి పదేళ్లు.

ఆ ఏడు ఊళ్లో మగపిల్లలందరికీ ఒకటే పిచ్చి, గళ్ల కోటు. మ్యాకినా అనేవాళ్లు దాన్ని. నడుము దాటి జానెడు దిగి ఆగిపోయేది. గొంగళంత మందం, ఎరుపూ నలుపూ గళ్లు, స్కేట్లు పట్టేంత జేబులు. నిన్నమొన్నటి దాకా అడవిలో దుంగలు కొట్టేవాళ్లు తప్ప ఎవరూ వేసుకోని కోటు. ఎక్కడో పెద్ద పట్నంలో బట్టల కంపెనీవాళ్లు దాన్ని పిల్లల సైజుల్లో కుట్టి కేటలాగులో బొమ్మేశారు. ఇంకేముంది, ఇనుప సామాన్ల కొట్టువారి క్లారెన్స్‌తో మొదలై, క్రిస్మస్ నెల వచ్చేసరికి తరగతిలో సగం బెంచీలు గళ్లమయం అయిపోయాయి.

ఆర్విడ్‌ది మాత్రం పొడుగు కోటు. నల్లటిది, మెడకి మఖమల్ పట్టీ. పెద్దింటి పిల్లల్ని చూసి ముచ్చటపడి వాళ్లమ్మ బెర్గిట్ రెండేళ్ల కిందట కుట్టింది.

"పాస్టరు గారొచ్చారురోయ్! ఇవాళ ఎవర్ని పాతిపెడుతున్నారండీ?" అనేవాడు క్లారెన్స్, టోపీ తీసి, వంగి మరీ.

ఒకరోజు ఆర్విడ్ ఇంటికొచ్చి అడిగేశాడు. "అమ్మా, నాకూ గళ్ల కోటు కావాలి."

"ఆ బంక కోటా? పదేళ్లుగా మీ నాన్నది ఉతికి ఉతికి నా చేతులు కాయలు కాశాయి. నువ్వు దుంగలు మొయ్యకూడదనేరా నిన్ను బడికి పంపేది!"

క్రిస్మస్‌కి అడవి నుంచి వచ్చిన తండ్రి హాల్వర్ సంగతంతా విని పకపకా నవ్వాడు. "తలుపు వెనక నా పాతది వేలాడుతోందిగా. తిప్పి కుట్టవే వాడికి."

"సరేలే, ఆ పొగచూరిన గుడ్డా?"

"లోపల చూడు ముందు." అతను కోటు అంచు మడిచి చూపించాడు. పైన పొగా, చెట్ల బంకా కలిసి గళ్లన్నీ ఒకటే రంగైపోయాయి. లోపల మాత్రం ఎరుపు కొన్ననాటి లాగే ఉంది. బెర్గిట్ ఆ ఎరుపుని గోటితో గీకి చూసింది.

"రంగు నిలిచింది," అంది చివరికి, ఇష్టం లేనట్టే.

హాల్వర్ మళ్లీ అడవికి వెళ్లిపోయాక ఆమె కుట్లన్నీ విప్పింది. ముక్కల్ని నానబెట్టి, రుద్ది, ఇస్త్రీ చేసింది. చేతులు కురచ చేసి, పక్కలు కత్తిరించి, లోపలిది పైకి పెట్టి కుట్టుకొచ్చింది. శనివారం దీపాలవేళకి ఆఖరి కుట్టు పడింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక తొడిగి చూసింది. కొలత పెట్టినట్టు సరిపోయింది.

కానీ ఆర్విడ్ చేతులు ఛాతీ దగ్గర ఆగిపోయాయి. కాజాలు కుడివైపుకి వచ్చాయి, గుండీలు ఎడమవైపుకి. గుడ్డ తిప్పేసరికి ముందుభాగాలు రెండూ తావులు మార్చుకున్నాయి. ఆ ఇంట్లో పావడాలు తిప్పి కుట్టారు, లాగులు తిప్పి కుట్టారు, మగవాళ్ల కోటు మాత్రం ఎప్పుడూ తిప్పలేదు. ఇప్పుడది ఆడపిల్లల కోటులా మూసుకుంటోంది.

"అయ్యో, నా బుద్ధి గడ్డి తిన్నది!" అని బెర్గిట్ నెత్తి కొట్టుకుంది.

"ఇప్పుడే మార్చేయమ్మా!"

"ఇవాళ ఆదివారంరా. ఇవాళ వేసిన ప్రతి కుట్టూ పరలోకంలో ముక్కుతో విప్పాలనేది మీ అమ్మమ్మ. కొత్త కాజాలు రేపు సాయంత్రం కుడతాను. రేపొక్కరోజుకి నల్లకోటే వేసుకుపో, నాన్నా."

సోమవారం పొద్దున కుర్చీ మీద రెండు కోట్లూ ఉన్నాయి. ఒకటి వేసుకుంటే పాస్టరు, ఇంకోటి వేసుకుంటే ఆడపిల్ల. ఆర్విడ్ గంజి చల్లారేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆఖరికి గళ్ల కోటు తీసుకుని, అమ్మ వెనక్కి పిలిచేలోగా బయటపడ్డాడు.

బడికి దారి సరస్సు ఒడ్డమ్మట. కుడిచేతి వైపు సరస్సు తెల్లగా గడ్డకట్టి ఉంది. మలుపులో క్లారెన్స్, మరో ఇద్దరు కలిశారు.

"ఒరేయ్, పాస్టరు కోటు మార్చాడ్రా!" అని దగ్గరికొచ్చి చూసి, క్లారెన్స్ ఆగిపోయాడు. "ఉండుండు. ఇతను పాస్టరు కాదర్రా, పాస్టరు గారమ్మాయి! అమ్మాయిగారూ, మీ పుస్తకాలు మొయ్యమంటారా?"

ఆర్విడ్ చెవులు భగ్గుమన్నాయి. తల దించుకుని నడిచాడు.

ఐసు గిడ్డంగి గోడ దాటగానే సరస్సు గాలి తగిలింది. కుడి నుంచి వచ్చిన గాలి క్లారెన్స్ కోటు అంచు లేపి, గుప్పెడు మంచు పొడి లోపల పోసింది. వాడు రెండు చేతులా కోటు పట్టుకున్నాడు. పుస్తకాలు కింద పడ్డాయి. మిగతా ఇద్దరూ పీతల్లా పక్కకి తిరిగి నడుస్తున్నారు. ఆర్విడ్ తన ఛాతీ వైపు చూసుకున్నాడు. కుడి ముక్క పైకి వచ్చిన అతని కోటుని అదే గాలి ఇంకా గట్టిగా మూసి పెడుతోంది.

"క్లారెన్సూ, నీ పుస్తకాలు నేను మొయ్యనా?" అన్నాడు.

"నీకు చలెయ్యట్లేదేంట్రా?"

"ఇది అసలైన దుంగలవాళ్ల కుట్టు. సరస్సు గాలికి ఇట్లాగే మూస్తారు. కావాలంటే మా నాన్ననడుగు."

నాన్న నలభై మైళ్ల అవతల మంచు అడవిలో ఉన్నాడు కాబట్టి అడిగేవాడు లేడు. మధ్యాహ్నానికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఆ కోటు పట్టి చూసి పోయారు.

సాయంత్రం ఆర్విడ్ అందరూ వెళ్లాక బయల్దేరాడు. ఇప్పుడు సరస్సు ఎడమచేతి వైపు. పొద్దున దారి దొరకని గాలికి ఇప్పుడు దొరికింది. ఐసు గిడ్డంగి నుంచి ఇంటిదాకా రెండు పిడికిళ్లతో కోటు బిగించి పట్టుకుని వచ్చాడు.

బెర్గిట్ కత్తెరా దారమూ సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. "తీసివ్వు, కాజాలు మార్చేస్తా."

"వద్దమ్మా. ఇలాగే ఉండనీ."

"నవ్వలేదూ?"

"నవ్వారు. కానీ పొద్దున గాలి లోపలికి రాలేదు."

ఆమె కొడుకు చేతుల వంక చూసింది. వేళ్లు బీట్‌రూట్ దుంపల్లా ఎర్రగా కమిలాయి. "మరి సాయంత్రం?"

ఆర్విడ్ చేతులు వెనక్కి దాచుకోబోయాడు. ఆమె ఆ చేతుల్ని తన కాయకాసిన చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. కాజాల మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున కోటు తొడుక్కుంటుంటే లోపలివైపు వేలికి చల్లగా ఏదో తగిలింది. బయటికి కనపడకుండా కుట్టిన ఒక కొక్కెం, సాయంత్రం గాలి కోసం.