కళ్ళు తెరిచి చేసిన ప్రార్థన

నేను ఒక మూడు కాళ్ళ స్టాండుని. నా తల మీద ఎవరి ఫోను పెడితే వాళ్ళ లోకాన్ని చూస్తాను. ఎక్కడ పుట్టానో సరిగ్గా చెప్పలేను. ఒక పెద్ద షెడ్డులో నాలాంటివాళ్ళని వేలకొద్దీ మరలు బిగించి అట్టపెట్టెల్లో పడుకోబెట్టారు. బిగించే చెయ్యి నా మెడ దగ్గరికొచ్చేసరికి టీ తాగడానికి వెళ్ళిందేమో, పుట్టినప్పటినుంచీ నా మెడ కాస్త వదులు.

మొదట బాపట్లలో ఒక ఫోటో స్టూడియోలో ఉన్నాను. పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు పెళ్ళికూతురి వంక చూసినదానికంటే నా వంక చూసిందే ఎక్కువ. తర్వాత వంటల వీడియోలు చేసే ఒకావిడ నన్ను కొనుక్కుంది. మాడిన కూర పక్కకి నెట్టి, రుచి అదిరిపోయిందని నాకు చెప్పేది. నా మెడ వాలడం మొదలయ్యాక నన్ను చర్చికి ఇచ్చేసింది. మనుషులు తమకి పనికిరానివాటిని దేవుడికివ్వడంలో చాలా ధారాళంగా ఉంటారు.

అలా నిజాంపట్నం దారిలో ఉన్న పాస్టరు ఆశీర్వాదం అయ్యగారి చర్చికి చేరాను. ఆదివారం ఆరాధన ఫోనులో లైవ్ పెట్టాలని అయ్యగారి కోరిక. పని నేర్పడానికి గుంటూరు నుంచి మనోహరం గారు వచ్చారు. నేర్చుకోవడానికి ముందుకొచ్చినవాళ్ళలో దయామణి ఒకతి. రొయ్యల షెడ్డులో తలలు వలిచే మనిషి. చేతులకి ఆ వాసన ఉంటుందని ఫోను ముట్టుకోవడానికే జంకింది.

మనోహరం గారు రెండే మాటలు గట్టిగా చెప్పారు. "ఫోను ఎప్పుడూ అయ్యగారి వైపే ఉండాలి. జనం మీదికి తిప్పమాకండి. ఎవరు ఏ కష్టంలో వచ్చి కూర్చున్నారో మనకి తెలవదు. రెండోది, ప్రార్థన జరిగేటప్పుడు ఫోను దగ్గరున్నవాళ్ళు కళ్ళు మూసుకోమాకండి. ఈ స్టాండు మెడ వదులుగా ఉంది, చూసుకుంటా ఉండాలి."

దయామణి ఒక అడుగు వెనక్కేసింది. "కళ్ళు తెరిచి ప్రార్థనలో కూర్చుంటే దేవుడు చూడడా అయ్యా? చిన్నప్పుడు కళ్ళు తెరిస్తే మా అమ్మ తొడపాశం పెట్టేది."

"మంద కళ్ళు మూసుకుంటే ఫరవాలేదమ్మా. కాపరి మూసుకుంటే ఎట్టా?"

ఆమె తల ఊపింది గానీ నమ్మలేదు. మొదటి ఆదివారాల్లో ప్రార్థన రాగానే ఆమె రెప్పలు వాటంతటవే పడిపోయేవి. ఉలిక్కిపడి తెరిచేది. దొంగతనం చేస్తున్నదానిలా అటూ ఇటూ చూసి మళ్ళీ మూసేది. నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు.

ఆమె ఇంట్లో ఒక పిల్ల తలదాచుకుని ఉంది. పేరు సలోమి. సలోమి పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేశారు. మొగుడు కిరణ్ పాల్ కొట్టే దెబ్బలకి, చంపుతానన్న బెదిరింపుకి తాళలేక మూడేళ్ళ షారోనుని చంకనేసుకుని పారిపోయి వచ్చింది. దయామణి అనే మనిషి ఉందని కూడా అతనికి తెలియదు. అందుకే ఇక్కడ బతికి ఉంది. ఆదివారం మందిరానికి రావాలంటే సలోమి వణికిపోయేది. "ఫోను నా చేతిలోనే ఉంటది కదే. నిన్నెవరూ చూడరు, నాదీ పూచీ," అని దయామణే ఒప్పించి తీసుకొచ్చింది.

ఆ ఆదివారం సలోమి పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆడవాళ్ళ చాపల మీద స్తంభం పక్కన కూర్చుంది. అయ్యగారి కొత్త ఫోను నా నెత్తినెక్కింది, మంచి బరువు. పక్కనే ఫ్యాను. లైవ్ చూస్తున్నవాళ్ళు కింద వందనాలు రాస్తున్నారు. వాటి మధ్యలో ఒక పేరు వచ్చింది. కిరణ్ పాల్. "వందనాలు అయ్యగారూ. సంఘాన్ని కూడా ఒకసారి చూపించండి. అందరినీ చూడాలని ఉంది."

ఎంత మర్యాదగా రాశాడో. సలోమి ఎక్కడున్నా ఆదివారం మందిరానికి వెళ్ళకుండా ఉండలేదని అతనికి తెలుసు. ఎన్ని చర్చిల లైవుల్లో ఇదే మాట రాసి ఉంటాడో.

దయామణి ఆ పేరు రెండుసార్లు చదువుకుంది. సరిగ్గా అప్పుడే అయ్యగారు "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. మందిరమంతా కళ్ళు మూసుకుంది. భయమేస్తే దయామణి చిన్నప్పటినుంచీ చేసేది ఒక్కటే. కళ్ళు గట్టిగా మూసుకుని దేవుణ్ణి పిలవడం. అదే చేసింది. "ప్రభువా, ఆ పిల్లని కాపాడు," అని గొణుగుతోంది.

నా మెడ జారడం మొదలుపెట్టింది.

ఫ్యాను గాలికి ఆ బరువైన ఫోను మెల్లగా పక్కకి తిరుగుతోంది. అయ్యగారి భుజం తెర మీదనుంచి తప్పుకుంది. డోలకు కనిపించింది. ముందు వరస తెల్లచీరలు కనిపించాయి. నాకు నోరు లేదు, చెయ్యి లేదు. నా మెడే నా మాట వినడం లేదు. అంత భయం నాకు అంతకుముందు తెలియదు. స్తంభం వచ్చింది. సలోమి ముసుగు లాక్కుని తల వంచుకునే ఉంది, మొహం కనబడదు. కానీ మూడేళ్ళ పిల్లకి ప్రార్థనేం తెలుసు? షారోను తలెత్తి, కళ్ళు విప్పార్చి, నా వైపే చూస్తోంది.

దయామణి గొణుగుడు ఆగింది. తల్లి పెట్టిన తొడపాశం మరిచిపోయిందో, మనోహరం గారి మాట గుర్తొచ్చిందో తెలియదు. కళ్ళు తెరిచింది. తెర చూసింది. రొయ్యల వాసన కొట్టే ఆ అరచేతిని ఫోను కన్ను మీద అదిమిపెట్టింది. అయ్యగారు ఆమెన్ అనేదాకా ఆ చెయ్యి అలాగే ఉంచి, ఫోనుని మళ్ళీ అయ్యగారి వైపు తిప్పాకే తీసింది.

"ప్రార్థన మధ్యలో చీకటి చేశావేందమ్మా?" అని పెద్దలు కోప్పడ్డారు. లైవ్ ఇంకా నడుస్తోంది, ఇక్కడి మాట అతనికీ వినబడుతుంది, ఏం చెబుతుంది? దాన్ని ఆపి, వీడియో మొత్తం చెరిపేశాకే నోరు విప్పింది. తెర చీకటైనప్పుడు లైవ్ చూసేవాళ్ళలో ఎవరో కరెంటు పోయిందా అని రాశారు. ఇంకెవరో ఫోను పాడైందా అన్నారు. కిరణ్ పాల్ దగ్గరనుంచి మాత్రం ఏమీ రాలేదు. చూసి ఊరుకున్నాడో, అంతకుముందే వేరే చర్చికి వెళ్ళిపోయాడో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ తెలియదు.

చర్చికి కొత్త స్టాండు వచ్చింది. నన్ను దయామణి ఇంటికి తెచ్చుకుంది. గడియ సరిగా పడని వీధి తలుపుకి నన్ను అడ్డంగా బిగించి పెడుతుంది. నా మెడతో ఇక్కడ పని లేదు, కాళ్ళు గట్టివే. వీధిలో ఏ బండి ఆగినా సలోమి పిల్లని తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోతుంది. దయామణి నన్ను ఒకసారి తడిమి చూస్తుంది.

అన్నం ముందు కూర్చుని ముగ్గురూ ప్రార్థన చేసుకుంటారు. షారోను కూడా నేర్చుకుంది, బుద్ధిగా కళ్ళు మూసుకుంటుంది. దయామణి మాత్రం మూసుకోదు. చేతులు జోడించి, పెదాలు కదుపుతూ, ఆమెన్ అనేదాకా తలుపు వంకే చూస్తూ ఉంటుంది.