తడి ఇసుక

శీనమ్మ మట్టితొట్టిలోని ఇసుక మీద చెంబుతో నీళ్ళు చల్లింది. అందులో మెడదాకా పాతిన పాలసీసాలను ఒక్కొక్కటే ఎత్తి చూసింది. మూతికి దూది, అడుగున రవ్వా బెల్లమూ కలిపి కాచిన జావ, మధ్యలో పండ్ల మీద ముసిరే ఆవగింజంత ఈగలు. బతికే ఉన్నాయి. బతకకేం! ఆత్మకూరులో మనుషులు ఎండకు మాడి చస్తుంటే తడి ఇసుక చల్లదనంలో వీటికి రాజభోగం.

వేసవి సెలవులు. డిగ్రీ కాలేజీలో పిట్ట కూడా లేదు. జువాలజీ లాబ్ అటెండరుకు మాత్రం సెలవు లేదు. ఇసుక ఒక్కరోజు ఎండితే ఈగలు చస్తాయి. ఈగలు చస్తే రాజమోహన్ సారు పీహెచ్‌డీ అటకెక్కుతుంది.

గోడ మీద సారు గీసిన పటం ఉంది. ఈగ గుడ్డు, దాని మీద అడ్డంగా ఏడు చారలు. పిండాన్ని చెరుకుగడలా కణుపులు కణుపులుగా విడగొట్టే జన్యువుల పని అదట. అంతకంటే ముందే తల ఎటు, తోక ఎటు అన్నది తల్లే గుడ్డులో పెట్టేస్తుందట. అందుకు కావాల్సిన జన్యువు చెడిన తల్లి గుడ్డు పెడితే పిల్లకు తల రాదు, రెండు వైపులా తోకే. సారు బెంగుళూరు లాబ్ నుంచి తెచ్చింది ఆ జాతినే. ఈ సంగతులు కనిపెట్టినవాళ్ళకు నోబెల్ వచ్చిందని పేపర్లో పడ్డ రోజు ఆయన అందరికీ మైసూరుపాకు పంచాడు. ఆ సంతోషం చూసే శీనమ్మ ధైర్యం చేసింది.

"సార్, మా ఉదయగిరి జూనియర్ కాలేజీలో అటెండరు పోస్టు ఖాళీగా ఉండాది. మాయమ్మ మంచాన పడింది. మీరొక మాట చెప్తే ప్రిన్సిపాల్ సారు నన్ను వదిలిపెడతాడు."

"నువ్వు పోతే వీటినెవరు చూస్తారు శీనమ్మా? నీ చెయ్యి పడితేగానీ బతకవు. ఈ ఒక్క ఏడాది ఓపిక పట్టు."

మెచ్చుకున్నాడని మురిసిపోయింది, పిచ్చిది. ఆ ఏడాది కాస్తా రెండో ఎండాకాలంలో పడింది.

రోజూ తెల్లవారకముందే అమ్మకు ఒళ్ళు తుడిచి, గంజి తాగించి, మంచం పక్క కిటికీకి కట్టిన గోనెపట్టాను తడిపి ఆత్మకూరు బస్సెక్కుతుంది. వడగాలి ఆ తడిలోంచి వస్తే అమ్మకు కాస్త ఊపిరాడుతుంది. బస్సు దుత్తలూరు దాటేలోపే పట్టా ఎండిపోతుందని శీనమ్మకు తెలుసు. పక్కింటి ఆదిశేషమ్మ తడుపుతుంది, గుర్తుంటే.

ఈ చెంబు నీళ్ళు అక్కడ పోయాల్సినవి కదా అని ఇసుక తడిపినప్పుడల్లా ఆమె ప్రాణం ఉసూరుమంటుంది. ఒక్కరోజు ఊరుకుంటే చాలు, ఈగలు పోతాయి, తను బయటపడుతుంది. ఎన్నోసార్లు చెంబు కింద పెట్టేసింది కూడా. కానీ ఈగలు గాజు వెంట పైకి పాకి, దూది దగ్గర ఆగి, దిగి, మళ్ళీ పాకుతుంటే చూడలేక మళ్ళీ అందుకుంది.

"మాయమ్మ నాకూ తల పెట్టకుండానే కనిందేమో," అంది సీసాలతో.

మధ్యాహ్నం మళ్ళీ చెంబు ముంచుతుంటే రాజమోహన్ సారు గబగబా వచ్చాడు.

"శీనమ్మా, ఆఫీసుకు ఫోనొచ్చింది. ఎవరో ఆదిశేషమ్మంట. మీ అమ్మకు బాగాలేదంట. బయల్దేరు."

ఆమె చెంబు వదల్లేదు. "ఇసుక ఎండిపోయుండాది సార్. తడపకపోతే ఇయ్యన్నీ సచ్చిపోతాయి."

"పోతే పోనీలే. బెంగుళూరుకు ఒక కార్డు ముక్క రాస్తే మళ్ళా పంపిస్తారు. వాళ్ళ దగ్గర బోలెడుండాయి."

ఆయన మంచికే అన్నాడు. శీనమ్మ మాత్రం చెంబు ఠక్కున కింద పెట్టింది.

"కార్డు ముక్కా సార్?" అంది. "ఆ మాట ఆనాడే చెప్పుంటే..."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. బస్సుకు ఆలస్యమవుతుందని తొందరపెట్టాడు.

ఉదయగిరిలో దిగేసరికి పొద్దు కొండ వెనక్కి వాలింది. ఇంటి ముందు చెప్పులు కనబడ్డాయి. లోపల ఎవరో సన్నగా ప్రార్థన చేస్తున్నారు. ఆదిశేషమ్మ ఎదురొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"పోయిందమ్మే. ఉక్కగా ఉండాది, శీన వచ్చిందా అనింది. వస్తా ఉండాదిలే అన్నాను. అంతే, కళ్ళు మూసింది."

శీనమ్మ అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. ఏడుపు వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చింది. తర్వాత లేచి, అలవాటుగా బిందెలోంచి చెంబుడు నీళ్ళు ముంచింది. ముంచాక ఎవరి కోసమో తోచక అలాగే నిలబడిపోయింది.

కిటికీకి కట్టిన గోనెపట్టా ఎండి అట్టలా బిగుసుకుపోయి ఉంది.