వంక లేని ఫియట్

పాత బండి కొనేవాళ్ళు నన్ను వెంట తీసుకెళ్ళేది వంకల కోసమే. తుప్పు ఎక్కడ తిన్నదో, లప్పం పెట్టి పైన రంగు ఎక్కడ పూశారో చెబుతాను. మెకానిక్కుని మా ఊళ్ళో ఉస్తా అంటారు. ఈ షర్నూబీ ఉస్తా "పర్వాలేదు" అన్నాడంటే కళ్ళు మూసుకుని కొనేయొచ్చని అలెగ్జాండ్రియాలో అందరికీ తెలుసు. అంతకు మించి ఏ బండినీ పొగిడినవాణ్ణి కాదు. అమ్మేవాళ్ళతో మాట కూడా కలపను. ఎవరు పిలిస్తే వాళ్ళ మనిషిని.

ఆ శుక్రవారం నమాజు కాగానే బయ్యూమీ వచ్చాడు. పెళ్ళి ఫొటోల స్టూడియో అతనిది. ట్రామ్‌లో నా పక్కన కూర్చుని తన ఆలోచన బయటపెట్టాడు.

"పాత ఫియట్, ఉస్తా. టాప్ కోయించేసి గులాబీ రంగు కొట్టిస్తా. పెళ్ళికూతురు అందులో నిలబడి చెయ్యి ఊపుతుంటే ఫొటో ఎలా ఉంటుందంటావ్?"

"బండి నీది, రంపం నీది. మధ్యలో నాకేం?" అన్నాను.

రుష్దీ పేటలో బండి అమ్మే మదామ్ ఇజ్లాల్ గ్యారేజీ తలుపు తీసేదాకా నాకు నిజంగానే ఏమీ లేదు.

లేత బూడిద రంగు ఫియట్ 1100. ఆవిడ భర్త కొత్తదిగా కొన్నాడట. సముద్రపు గాలికి తలుపు గొళ్ళేలే నిలవని ఊరు మాది. ఇంత పాత బండికి కింద సగం మిగిలితే గొప్ప అనుకుంటూ అయస్కాంతాన్ని చేతిరుమాలులో చుట్టి రేకుకి ఆనించాను. అతుక్కుంది. తలుపులు, మడ్‌గార్డులు, టాప్, ఎక్కడ పెట్టినా అతుక్కుంది. లప్పం అన్న మాటే లేదు. రంగంతా ఫ్యాక్టరీలో పడ్డదే. ముందు దీపాల అంచు గీరి చూస్తే యుద్ధం రోజుల్లో విమానాలకి వెలుగు కనబడకుండా పూసిన నీలం ఇంకా కాస్త కనిపించింది.

నేల మీద పడుకుని కిందికి దూరాను. చాసిస్ నూనెతో నిగనిగలాడుతోంది.

"చలికాలం వచ్చేముందు నేనే చాప వేసుకుని పడుకుని నూనె పట్టిస్తా," అని బయ్యూమీతో అంటోంది మదామ్. డెబ్బై దాటిన మనిషి! "ఇప్పుడు కళ్ళు మసకేశాయి. నడపలేను. ఊరికే నిలబెట్టి దీన్ని చంపడం ఇష్టం లేదు నాయనా."

వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చినట్టు, నేను డిక్కీలో గోనెపట్టా కింద కూడా వెతికాను. అక్కడా పొడిగా, శుభ్రంగా ఉంది. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. దాని చప్పుడు వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది. సిగ్గెందుకు, ఆ బండి మీద మనసు పడ్డాను. దీని నెత్తిన రంపం పెడతారన్నది అప్పుడు గుర్తొచ్చింది.

బయ్యూమీ నన్ను గేటు దగ్గరికి లాక్కెళ్ళాడు. "ఊఁ, చెప్పు. ఎక్కడ పోయింది?"

చాసిస్ కుళ్ళిందని ఒక్క మాట అంటే చాలు, బండి బతికిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ముప్పై ఏళ్ళలో నన్ను పొగరుబోతన్నారు, నోటిదురుసన్నారు, అబద్ధాలకోరని ఒక్కరూ అనలేదు.

"వంక లేదు," అన్నాను. "ఇంతకంటే మంచి బండిని నేను చూడలేదు."

బయ్యూమీ నా మొహంలోకి చూశాడు. తర్వాత మదామ్ వైపు చూశాడు. పకపకా నవ్వాడు.

"షర్నూబీ ఉస్తాకి వంక దొరకలేదా? ముసలావిడ చెయ్యి ఎంత తడిపింది?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతను వీధిలోకి నడిచాడు, నేను వెంటపడ్డాను. "నా పిల్లల మీద ఒట్టు! పైసా ముట్టలేదు!"

"ఒట్టు దాకా వచ్చావంటే బాగానే ముట్టి ఉంటుంది."

"ఇంకో ఉస్తాని..." అని ఆగిపోయాను. ఇంకో ఉస్తాని తెచ్చుకుని చూపించుకో, వాడి కూలీ నేనిస్తా అనబోయాను. ఎవడొచ్చి చూసినా నా మాటే నిజమని తేలుతుంది. నా పేరు నిలుస్తుంది. బండి టాప్ తెగుతుంది.

నోరు మూసుకున్నాను. పుట్టాక అంత కష్టమైన పని చేసి ఎరగను.

"చూశావా, మాట పడిపోయింది! కాఫీ కొట్టులో అందరికీ చెబుతా నీ సంగతి," అంటూ వెళ్ళిపోయాడు. చెబుతాడు కూడా. ఇక నన్ను బండి చూడ్డానికి పిలిచేదెవరు?

వెనక్కి తిరిగితే మదామ్ గేటు పట్టుకుని నిలబడి ఉంది. అన్నీ విన్నది. అమ్మేవాళ్ళతో మాట్లాడని నేను ఆ రోజు మాట్లాడాను.

"టాప్ కోయించేద్దామనుకున్నాడు మదామ్."

"ఆ ముక్క నాకు ముందే చెప్పొద్దూ! చెప్పు తీసుకుని తరిమేదాన్ని. నీ పరువన్నా దక్కేది."

"పిలిచినవాడి గుట్టు అమ్మేవాళ్ళకి చెప్పకూడదు. అది మా పద్ధతి."

"నీ పద్ధతి తగలెయ్య," అంది. బండి వైపు తిరిగింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఇందాక అతనితో బండి గురించి ఏదో అన్నావు. అదొకసారి మళ్ళీ అంటావా?"

"వినబడలేదా?"

"వినబడింది. మా ఆయన బతికున్నన్నాళ్ళూ నేను తుడిస్తే ఆయనకి మరక కనబడేది, నూనె పట్టిస్తే తక్కువయ్యేది. ఒక్కనాడూ బాగుందనలేదు ఉస్తా."

ఈసారి వీధంతా వినబడేలా చెప్పాను.